ఉప్పునీళ్ల తొట్టి

ఇబ్రహీంపట్నంలో పుట్టి పెరిగి, సాగర్ రోడ్డు మీది కాలేజీలో ఆరేళ్లుగా జువాలజీ చెబుతున్న భాగ్యశ్రీ సముద్రాన్ని చూసింది ఒక్కసారే. ఎమ్మెస్సీలో ఉండగా రామేశ్వరం టూరుకు తీసుకెళ్లారు. అడుగున గాజు బిగించిన పడవలో ఎక్కించి పగడపు దిబ్బల మీదుగా తిప్పారు. పగడాలు రాళ్లు కావు, ప్రాణులు అని పరీక్షల్లో ఎన్నిసార్లు రాసిందో. ఆ రోజు అవి నీళ్లలో వేళ్లు చాచి ముడుస్తుంటే కళ్లారా చూసి, ఒడ్డుకొచ్చేదాకా ఆ గాజు మీంచి తల ఎత్తలేదు.

ఆ సంగతి క్లాసులో చెబితే పిల్లలు తలలూపేవారు. కానీ వాళ్లకు తెలిసిన పగడం ల్యాబు అల్మారాలో దుమ్ము పట్టిన తెల్లటి ముక్క ఒక్కటే. అందుకే కొత్త బ్లాకు కడుతున్నారని తెలియగానే, ముందు హాల్లో సముద్రపు చేపలూ పగడాలూ ఉండే అక్వేరియం పెట్టిద్దామని ఆమే అడిగింది. చైర్మన్ మేనల్లుడు అమరేందర్ కాలేజీ కరెస్పాండెంట్. పనులన్నీ అతని చేతి మీదుగానే జరుగుతాయి. ఊళ్లో ఏ కాలేజీకీ లేనిదంటే అతనికీ నచ్చింది. ఎలా పెట్టాలో రాసివ్వమన్నాడు.

భాగ్యశ్రీ నెల రోజులు అదే పనిగా చదివింది. అలాంటి తొట్టిలో చావూ బతుకూ తేల్చేది ఫిల్టరేనని ఆమెకు మొదటి వారంలోనే అర్థమైంది. చేపల విసర్జన, తినగా మిగిలిన మేత నీళ్లలో కుళ్లి విషమవుతాయి. ఆ విషాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవులు పెరగడానికి చోటు కావాలి, వ్యవధి కావాలి. రెండు దారులున్నాయి. ఒకటి, తొట్టి కింద మరో చిన్న తొట్టి పెట్టి నీళ్లు తిప్పుతూ ఉండటం. తొట్టి నిండా సన్నటి రంధ్రాలున్న రాళ్లు పేరిస్తే వాటిలో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. కింది తొట్టిలో స్కిమ్మర్ అనే గొట్టం నీళ్లలోకి బుడగలు వదిలి, మురికి కుళ్లకముందే దాన్ని నురుగుగా తేల్చి బయటికి తీసేస్తుంది. ఇది స్థిరపడటానికి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు తొట్టిలో చేప వేయకూడదు. రెండోది మూత బిగించిన డబ్బా ఫిల్టరు. స్పాంజీ, పింగాణీ ముక్కలు కూరిన డబ్బాలోంచి నీళ్లు వెళ్లి వస్తాయి. చప్పుడుండదు, చోటు పట్టదు. అయితే కరెంటు పోయి గంటల కొద్దీ ఆగిందంటే లోపలి సూక్ష్మజీవులు ఊపిరాడక చస్తాయి, నీళ్లు మురుగుతాయి. మళ్లీ వేయగానే ఆ మురుగంతా తొట్టిలోకి కొడుతుంది.

మొదటి దారే మంచిదని రెండు పేజీల నోటు రాసి ఇచ్చింది. డబ్బా ఎందుకు వద్దో చివర్లో విడిగా రాసింది.

ఏప్రిల్ రెండో వారంలో అమరేందర్ పిలిపించాడు. అతని గదిలో సిటీ నుంచి వచ్చిన అక్వేరియం షాపాయన కూర్చుని ఉన్నాడు. నెలాఖరుకు బ్లాకు ప్రారంభం, అడ్మిషన్లకు తల్లిదండ్రులు వచ్చే రోజులు, ఆరు వారాలు ఖాళీ నీళ్లు చూపిస్తామా అన్నాడు అమరేందర్. తొట్టి కింది అరల్లో ఆటల కప్పులూ షీల్డులూ పెట్టాలట. అక్కడ రెండో తొట్టి కుదరదట. పైగా నీళ్లు కిందికి పడే చప్పుడు రిసెప్షన్‌లో బాగుండదట. డబ్బా ఫిల్టరు పెట్టి, సీసాల్లో అమ్మే సూక్ష్మజీవుల మందు పోస్తే పది రోజుల్లో చేపలు వేయొచ్చని షాపాయన అన్నాడు. సముద్రంలోంచి పగడాలు తీయడం నేరం గనుక పెంపకంలోవే, అనుమతి కాగితాలతో సహా తెస్తానన్నాడు.

భాగ్యశ్రీ తన నోటులో రాసినవే మళ్లీ చెప్పింది. అమరేందర్ ఓపిగ్గానే విన్నాడు. విని, "గంత కష్టమైతే వదిలేద్దాం మేడం. ఆ జాగల ఫౌంటెన్ పెట్టిస్త. మీరేమంటరు?" అన్నాడు.

తొట్టి ఇప్పుడు పోతే ఇక రాదని భాగ్యశ్రీకి అనిపించింది. ఎలాగోలా తొట్టి వస్తే చాలు, తర్వాత రోజూ కనిపెట్టుకుని ఉండొచ్చు, మెల్లిగా స్కిమ్మర్ కూడా పెట్టించుకోవచ్చు అని లోపల లెక్క వేసుకుంది. డబ్బా ఫిల్టరుతోనే కానిద్దామంది. బయటికొచ్చాక మెట్ల మీద ఒక నిమిషం ఆగింది. తను చేసింది తప్పని ఆమెకు తెలుసు. తెలిసీ సంతోషంగానే ఉంది.

తొట్టి వచ్చింది. ఆరడుగుల పొడవు. ఊరి బోరు నీళ్లు పనికిరావు గనుక నీళ్ల ప్లాంటు నుంచి క్యాన్లు తెప్పించి ఉప్పు కలపాలి. ఆ పని ల్యాబు అటెండరు నారయ్య మీద పడింది. యాభై ఏడేళ్ల మనిషి, రాయపోల్ వాడు. కాంట్రాక్టు ఏజెన్సీ కింద పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. నాలుగు రోజుల్లోనే ఉప్పు కొలిచే గొట్టం చూడటం నేర్చుకున్నాడు. భాగ్యశ్రీకి కంటపడనివి అతనికి కనపడేవి. పసుపు చేప ఈరోజు ఎడమ పక్కకే పోతోందనో, రొయ్య రాత్రి పెంకు విడిచిందనో ఆమె రాగానే చెప్పేవాడు. కాలేజీలో అందరూ అతన్ని పేరు పెట్టి పిలిచేవారు. భాగ్యశ్రీ ఒక్కతే 'నారయ్యన్నా' అనేది.

ప్రారంభం బాగా జరిగింది. తల్లిదండ్రులు పిల్లల్ని తొట్టి ముందు నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు. రెండు నారింజ రంగు చేపలు, ఒక పసుపు చేప, రొయ్యలు, ఏడు పగడపు ముక్కలు. సాయంత్రం జనమంతా వెళ్లాక భాగ్యశ్రీ కుర్చీ వేసుకుని వాటి ముందు కూర్చుంది. పగడాలు వేళ్లు విప్పి ఉన్నాయి. ఆ తర్వాత వారం వారం పరీక్ష చేసినప్పుడల్లా నీళ్లలో మలినం కొంచెం కొంచెం పెరుగుతోంది. నీళ్లు మార్చి సర్దుకొస్తోంది.

మే నెల నడుమ, సెలవుల్లో, ఒక గురువారం ఆమె చిన్నమ్మ కూతురి పెళ్లి తుక్కుగూడలోని ఫంక్షన్ హాల్లో జరిగింది. పొద్దున ఎనిమిదింటికి గాలిదుమారం వచ్చి కాలేజీ దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. జనరేటర్ లైను కొత్త బ్లాకుకు ఇంకా కలపలేదు. వెంటనే నారయ్య ఫోన్ చేసి కరెంటు లేదని చెప్పాడు. ఎంతసేపు, వస్తుందిలే అనుకుంది భాగ్యశ్రీ. పెళ్లి హడావిడిలో ఆ సంగతే మర్చిపోయింది.

సాయంత్రం ఐదింటికి స్టేజీ మీద పెళ్లికూతురి పక్కన ఫొటోకు నిలబడబోతుండగా మళ్లీ ఫోన్ మోగింది.

"మేడం, కరెంటొచ్చింది. డబ్బ స్విచ్ నేను పొద్దుగాలనే బంజేసి పెట్టిన. ఇప్పుడు పైపు కాడ జర నీళ్లు కారినయ్. మురిగిన గుడ్డు వాసనొస్తుంది. వెయ్యాల్నా, వద్దా?"

వెనక బ్యాండు మోగుతోంది. ఫొటోగ్రాఫర్ చేయి ఊపుతున్నాడు. అక్కా, రా అని పెళ్లికూతురు పిలుస్తోంది.

"వేసెయ్ నారయ్యన్నా. రేపు పొద్దుగాల నేనొచ్చి చూస్త గద."

"వాసన మస్తుగున్నది మేడం."

"ఏం కాదు, వేసెయ్."

ఫొటో అయిపోయింది. భోజనాలకు కూర్చున్నాక ఆమెకు చప్పున తట్టింది. తొమ్మిది గంటలు ఆగిన డబ్బా. తన నోటు చివర్లో తనే రాసిన మాట. ఫోన్ చేతిలోకి తీసుకుంది. వేసి అప్పటికే అరగంట దాటింది, ఇప్పుడు చెప్పి లాభమేముంది అనుకుంది. నారయ్య వేయకుండా ఉంటాడేమో అని కూడా అనుకుంది. ఫోన్ తిరిగి సంచిలో పెట్టేసింది. ఆ కొద్దిపాటి పని చేయనందుకు ఆ తర్వాత ఎంత కుమిలిందో ఆమెకే తెలుసు. అప్పుడు చెప్పి ఉంటే కనీసం సగమైనా దక్కేవి.

శుక్రవారం ఉదయం ఆమె హాల్లో అడుగు పెట్టేసరికి నీళ్లు పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నాయి. మూడు చేపలూ తేలి ఉన్నాయి. రొయ్యలు ఎర్రబడి అడుగున పడి ఉన్నాయి. పగడాల ఒంటి మీది చర్మం జిగురులా జారి, కింద తెల్లటి ఎముక బయటపడింది. వాసనకు ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. నారయ్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతని కుడిచేయి వాచి ఉండటం ఆమె చూసింది కానీ ఎందుకని అడగలేదు. వాచ్‌మన్ అంజిలయ్య తర్వాత చెప్పాడు. కరెంటు లేని తొమ్మిది గంటలూ చేపలకు గాలి ఆడాలని నారయ్య మగ్గుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూనే ఉన్నాడట. మధ్యాహ్నం అన్నం కూడా నిలబడే తిన్నాడట.

అమరేందర్ వచ్చాడు. అప్పటికే అడ్మిషన్ల కోసం ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు బయట కూర్చుని ఉన్నారు. పాత ఫ్లెక్సీ ఒకటి తెప్పించి తొట్టి మీద కప్పించాడు. కరెంటు రాగానే మిషన్ ఎవరు వేశారని అడిగాడు.

"నేనే వేసిన సార్," అన్నాడు నారయ్య.

"ఎవర్ని అడిగి వేసినవ్?"

నారయ్య తలెత్తి భాగ్యశ్రీని చూశాడు. ఒక్కసారే చూశాడు. తర్వాత నేల వైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు చెప్పాలి. చెప్పాలనే అనుకుంది. నోరు తెరిస్తే ఫోన్ సంగతి ఒక్కటే కాదు, డబ్బాకు ఎందుకు ఒప్పుకున్నావన్నదీ వస్తుంది. జూన్‌లో ఆమె ఉద్యోగం పర్మనెంటు చేసే ఫైలు అమరేందర్ బల్ల మీదే ఉంది. బయట తల్లిదండ్రులు వింటున్నారు. ఇక్కడ కాదు, తర్వాత ఆయన గదిలోకి వెళ్లి నెమ్మదిగా చెబుతానని తనకు తాను సర్దిచెప్పుకుంది. అమరేందర్ ఇంకో మాట అడగలేదు. రేపటి నుంచి ఈయన్ని పంపొద్దని అక్కడే నిలబడి ఏజెన్సీకి ఫోన్ చేశాడు. నారయ్య ల్యాబు తాళాలు తీసి భాగ్యశ్రీ ముందు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఆమె అమరేందర్ గది దాకా వెళ్లింది. ఎవరో ఉన్నారు. శనివారం వెళ్లింది. గదిలో అతనొక్కడే ఉన్నాడు. తొట్టి శుభ్రం చేయించే సంగతి మాట్లాడి తిరిగి వచ్చేసింది.

శనివారం రాత్రి భర్త మహేశ్వర్‌కు చెప్పింది. ఆదిభట్లలో విమానాల భాగాలు చేసే కంపెనీలో అతను సూపర్‌వైజర్. మాట తక్కువ మనిషి. అంతా విని, నారయ్య ఫోన్ చేసిన సంగతి చెప్పావా అని అడిగాడు. లేదంది. అతను కంచంలో చేయి కడుక్కున్నాడు. ఆమె ఏదో ఒకటి అనమంది.

"నేనేమంట? ఆయన ఫోన్ల నీ నంబరున్నది. చూపియ్యలే. గది ఆలోచించు," అని లేచి వెళ్లాడు.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక ఆమె ఇంటికి పోలేదు. స్కూటీ మీద నేరుగా రాయపోల్ వెళ్లింది. నారయ్య ఇల్లు అడిగితే ఒక పిల్ల చూపించింది. అతని భార్య నాగులమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తానెవరో భాగ్యశ్రీ చెప్పగానే ఆమె చేతులు ఆగాయి. కుర్చీ మాత్రం తెచ్చి వేసింది. నారయ్య లోపలి నుంచి తువ్వాలు సర్దుకుంటూ వచ్చి, ఎండలో వచ్చారే అంటూ మంచినీళ్లు ఇప్పించాడు. చేయి వాపు తగ్గలేదు. దవాఖానకు వెళ్లావా అంటే అదే తగ్గుతుందన్నాడు.

భాగ్యశ్రీ గ్లాసు పట్టుకునే చెప్పింది. తప్పు తనదేనని, ఆ రోజు అందరి ముందూ చెప్పలేకపోయానని, భయపడ్డానని. నారయ్య అరుగు మీద కూర్చుని విన్నాడు.

"నా ఫోను చూపిస్తే అయిపోతుండె మేడం," అన్నాడు చివరికి. "గా కాలేజీల నన్ను అన్నా అని పిలిచేది మీరొక్కరే. మీరే చెప్తరనుకున్న. రెండు దినాల సంది ఫోను పక్కన పెట్టుకొని చూస్తున్న."

నాగులమ్మ అందుకుంది. గొంతు పెంచలేదు కానీ మాట కటువుగానే ఉంది.

"మీరొచ్చిండ్రు, మంచిది. గీడ చెప్తె ఏమొస్తది మేడం? ఆడ చెప్పాలె. ఈయన మనసు విరిగి పండుకున్నడు. చేపలను సంపినోడని ఊర్ల గూడ అంటున్నరు."

"నువ్వు ఊకో," అన్నాడు నారయ్య. కానీ ఆమె అన్నది కాదనలేదు.

ఆ రాత్రి భాగ్యశ్రీ ఉత్తరం రాసింది. మూడుసార్లు చింపి రాసింది. రాసినప్పుడల్లా ఎక్కడో ఒకచోట తనను కాపాడుకునే వాక్యం ఒకటి దూరుతోంది. బ్యాండు చప్పుడు వల్ల సరిగా వినపడలేదని రాసి కొట్టేసింది. నారయ్య అన్నది ఆమెకు శుభ్రంగా వినపడింది. చివరికి ఎనిమిది వాక్యాలు మిగిలాయి.

సోమవారం అమరేందర్ దానిని చదివి మడిచి తిరిగి ఇవ్వబోయాడు. "అయిపోయిన ముచ్చట మేడం. ఇంకొక అటెండర్ వస్తడు. మీ ఫైలు ఈ నెలల్నే పెడ్తున్న. ఇప్పుడు గిది ఎందుకు?" అన్నాడు. అతను బెదిరించలేదు. మంచి చెబుతున్నట్టే అన్నాడు. అందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది. అతనికది నిజంగా అయిపోయిన ముచ్చటే. ఆమె ఉత్తరం తీసుకుని పై అంతస్తులోని చైర్మన్ గదికి వెళ్లింది. అమరేందర్ కూడా వెనకే వచ్చాడు.

చైర్మన్ డెబ్బై దాటిన మనిషి. ఉత్తరం చదువుకుని, ఆమె ఏప్రిల్‌లో ఇచ్చిన నోటు తెప్పించి అదీ చదివాడు. మేడం ఒప్పుకున్నాకే డబ్బా పెట్టామని అమరేందర్ అన్నాడు.

"అవ్, ఒప్పుకున్న," అంది భాగ్యశ్రీ.

"ఇది మంచిది కాదని నువ్వే రాస్తివి. తెలిసి ఎట్ల ఒప్పుకున్నవమ్మా?" అని అడిగాడు ముసలాయన.

"ఎట్లనన్న తొట్టి రావాలనుకున్న సార్. లేకుంటే ఫౌంటెన్ పెడ్తరని భయపడ్డ."

ఆయన రెండు కాగితాలూ కలిపి మడిచి బల్ల మీద పెట్టాడు. కోప్పడితే బాగుండునని ఆమెకు అనిపించింది. చివరికి నారయ్యను పిలిపించమన్నాడు. తొట్టి కింది షీల్డులు తీయించి, మేడం మొదట రాసినట్టే చేయమన్నాడు. ఈసారి కూడా చేపలు చస్తే తొట్టి ఎత్తించి పారేస్తానన్నాడు. ఆమె ఉద్యోగం మాట ఎత్తలేదు. జూన్‌లో ఇద్దరు లెక్చరర్లకు పర్మనెంటు ఆర్డర్లు వచ్చాయి. అందులో ఆమె పేరు లేదు. ఎందుకని ఆమె అడగనూ లేదు.

నారయ్య నాలుగో రోజు పనిలోకి వచ్చాడు. ఇద్దరూ కలిసి పాత నీళ్లు తోడేశారు. తొట్టిని కడిగి ఎండబెట్టారు. కింద రెండో తొట్టి వచ్చింది, స్కిమ్మర్ వచ్చింది, కరెంటు పోతే గాలి కొట్టే బ్యాటరీ పంపు వచ్చింది. రాళ్లు పేర్చి నీళ్లు నింపి చేప లేకుండా వదిలేశారు. పిల్లలు ఖాళీ తొట్టి ముందు ఆగి, ఏమీ లేదేంటని నవ్వుకుంటూ పోయేవారు. మొదట రాళ్ల మీద గోధుమరంగు పాకుడు కమ్మింది. తర్వాత అది తగ్గింది. పరీక్ష చేసి చూసిన ప్రతిసారీ విషం కొంత తక్కువే కనపడింది. ఏడో వారంలో గాని ఆమెకు ధైర్యం రాలేదు. ఒక్క చేప, రెండు పగడపు ముక్కలు మాత్రం వేసింది.

నారయ్య పని మునుపటంత శ్రద్ధగానే చేస్తున్నాడు. మేడం అనే పిలుస్తున్నాడు. అడిగినదానికి జవాబు చెబుతున్నాడు. పసుపు చేపలూ రొయ్యల ముచ్చట్లు మాత్రం లేవు. ఆమె 'నారయ్యన్నా' అంటే ఇప్పుడు ఒక క్షణం ఆగి పలుకుతున్నాడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం వాన పడి రెండు గంటలు కరెంటు పోయింది. కరెంటు రాగానే నారయ్య స్టాఫ్ రూముకు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పంపు వెయ్యాలా అని అడిగాడు. నీళ్లు చూశావా, వాసనేమైనా ఉందా అని ఆమె అడిగింది. లేదన్నాడు. అయినా ఆమె లేచి, తొట్టి దాకా వెళ్లి, కింది తొట్టి మూత తీసి వాసన చూసి, సరే వేయమంది.

అతను కదల్లేదు.

"జర రాసియ్యుండ్రి మేడం," అన్నాడు.

అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. రిసెప్షన్ బల్ల మీది కాగితం ముక్క తీసుకుని భాగ్యశ్రీ తేదీ వేసింది. టైము వేసింది. పంపు వేయమని తనే చెప్పినట్టు రాసి, సంతకం చేసి ఇచ్చింది. నారయ్య దానిని అక్షరం అక్షరం చదువుకున్నాడు. చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లి స్విచ్ వేశాడు.